మీథేన్ భక్షక సూక్ష్మజీవులు – గాలికీ బురదకూ నడుమ కావలి

నాట్లకు సిద్ధమైన వరిమడిలో కాలు పెడితే బురదలో నుంచి బుడగలు బుసబుసమని పైకి వస్తాయి. పల్లెటూళ్ళ నుంచి వచ్చి అబిడ్స్, నాంపల్లి వసతి గృహాలలో చదువుకుంటున్న మన విద్యార్థులకు ఈ దృశ్యం క్రొత్తది కాదు. నగరంలో పుట్టి పెరిగినవారు ఇటువంటి బుడగలనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున, నాలాలు వచ్చి కలిసే చోట్ల చూచి ఉంటారు. ఆ బుడగలలో ఎక్కువ భాగం మీథేన్ అనే వాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిప్పు తగిలితే మండుతుంది. గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేది ఈ వాయువే. చిత్తడి నేలల మీద రాత్రివేళ కనిపించే కొరివి దెయ్యాలకు కూడా మూలం ఇదేనని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా భావిస్తున్నారు.

ఈ వాయువు ఎక్కడ పుడుతుందో మన పాఠ్యగ్రంథాలలో ఉన్నది. అయితే పుట్టినదంతా గాలిలోకి చేరడం లేదు. అందులో పెద్ద భాగం దారిలోనే మాయమవుతున్నది. దానిని ఆహారంగా స్వీకరించి బ్రతికే సూక్ష్మజీవులు నేలలోను, నీటిలోను, సముద్రగర్భంలోను ఉన్నవి. వీటినే మీథేన్ భక్షకాలని మేము ఈ వ్యాసంలో వ్యవహరిస్తాము. అవి ఎవరికీ కనిపించవు, వాటి పని ఎవరికీ తెలియదు. కానీ ఆ పని ఆగిపోతే ఏమవుతుందో తెలుసుకొనవలసిన అవసరం నగరవాసులుగా, రైతుబిడ్డలుగా మనందరికీ ఉన్నది.

మీథేన్ పుట్టుక

మీథేన్ అణువు నిర్మాణం అతి సరళమైనది. ఒక కర్బన పరమాణువు చుట్టూ నాలుగు ఉదజని పరమాణువులు, అంతే. 1776లో ఇటలీ దేశీయుడైన అలెస్సాండ్రో వోల్టా మజోరే సరస్సు అంచులలోని చిత్తడినేలలో బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, ఆ వాయువు మండుతుందని నిరూపించాడు. తరువాతి కాలంలో విద్యుత్ ఘటాన్ని కనిపెట్టిన వోల్టా ఇతడే.

ఆకులు, గడ్డి, పేడ, మురుగు వంటి సేంద్రియ పదార్థం గాలి చొరని చోట కుళ్ళినప్పుడు మీథేన్ పుడుతుంది. ప్రాణవాయువు ఉన్నచోట ఆ పదార్థం చివరకు బొగ్గుపులుసు వాయువుగా, అంటే కార్బన్ డై ఆక్సైడ్‌గా మారుతుంది. ప్రాణవాయువు లేనిచోట ఆర్కియా అనే ఆదిమ వర్గానికి చెందిన సూక్ష్మజీవులు దానిలో కొంత భాగాన్ని మీథేన్‌గా మార్చివేస్తాయి. వీటిని మీథేన్ జనకాలు అనవచ్చును. వరిమడి అడుగు, చెరువు బురద, పశువుల కడుపు, చెత్తదిబ్బ లోపలి భాగం, మూసి ఉన్న మురుగుకాలువ ఇవన్నీ వాటి నివాసాలే.

ఈ వాయువు విషయంలో ఆందోళన ఎందుకంటే, భూమి నుంచి వెలువడే వేడిని పట్టి ఉంచే శక్తి దీనికి చాలా ఎక్కువ. బరువుకు బరువు చూస్తే, నూరేళ్ళ లెక్కలో కార్బన్ డై ఆక్సైడ్ కంటే ఇది సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇరవై ఏళ్ళ లెక్కలో ఆ తేడా 80 రెట్లకు చేరుతుంది. పారిశ్రామిక యుగానికి పూర్వం గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 0.7 పాళ్ళు ఉండిన మీథేన్ ఈనాడు 1.9 పాళ్ళను దాటినది. అయితే దీని ఆయుర్దాయం తక్కువ. గాలిలో పది సంవత్సరాలకు అటూ ఇటూగా మాత్రమే నిలుస్తుంది. అంటే దీనిని ఈనాడు అదుపు చేస్తే ఆ ఫలితం మన కాలంలోనే కనిపిస్తుంది. ఆశకు తావు ఇక్కడనే ఉన్నది.

భక్షకాలను కనుగొన్న చరిత్ర

మీథేన్ తిని బ్రతికే జీవి ఉంటుందని పంతొమ్మిదవ శతాబ్దం చివరి వరకు ఎవరూ నిరూపించలేదు. 1906లో హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో సోంగెన్ అనే యువశాస్త్రజ్ఞుడు మీథేన్ తప్ప మరే కర్బన ఆహారమూ అవసరం లేని బాక్టీరియాను వేరుచేసి, దానికి బాసిలస్ మిథానికస్ అని పేరు పెట్టాడు. ఆ తరువాత అరవై ఏళ్ళకు పైగా ఈ రంగంలో కదలిక తక్కువ. 1970లో విటెన్‌బరీ, ఆయన సహచరులు నూటికి పైగా మీథేన్ భక్షకాలను వేరుచేసి వర్ణించారు. ఇంగ్లండులోని బాత్ అనే పట్టణంలో రోమనుల కాలపు వేడినీటి స్నానఘట్టాలు ఉన్నవి. అక్కడ దొరికిన మిథైలోకాకస్ కాప్సులేటస్ అనే బాక్టీరియా నేటికీ ప్రపంచ ప్రయోగశాలలలో ఈ తెగకు ప్రతినిధిగా ఉన్నది.

2007లో ఇటలీ, న్యూజీలాండ్, రష్యా దేశాల అగ్నిపర్వత ప్రాంతాలలో, నిమ్మరసం కంటే పులుపైన వేడి నేలలలో కూడా బ్రతుకగల భక్షకాలను కనుగొన్నారు. 2019లో మిథైలోకాప్సా గోర్గోనా అనే బాక్టీరియా మామూలు గాలిలో ఉన్న అత్యల్ప మీథేన్‌తోనే పెరుగగలదని వెల్లడయినది. మన దేశంలోను ఈ కృషి సాగుతున్నది. పూణేలోని అగార్కర్ పరిశోధన సంస్థలో మోనాలీ రహాల్కర్, ఆమె విద్యార్థులు భారతీయ వరిపొలాల నుంచి ఒక క్రొత్త ప్రజాతిని వేరుచేశారు. చూపులకు దోసకాయ ఆకారంలో ఉండే ఆ బాక్టీరియాకు మిథైలోకుకుమిస్ ఒరైజే అని పేరు. ఆ పేరులో దోసకాయ ఉన్నది, వరి ఉన్నది. రెండూ మన వంటింటి వస్తువులే కదా.

ఎలా తింటాయి?

మీథేన్‌లో కర్బనానికీ ఉదజనికీ మధ్యనున్న బంధం చాలా గట్టిది. దానిని విడగొట్టడానికి కర్మాగారాలలో ఎంతో వేడిని, ఒత్తిడిని ప్రయోగించవలసి ఉంటుంది. కంటికి కనిపించని ఈ జీవి ఆ పనిని మామూలు వేడిమిలోనే నిశ్శబ్దంగా చేస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత దీనికి తగినట్లు మరి దేనికీ తగదు.

దాని రహస్యం మీథేన్ మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైములో ఉన్నది. ఈ ఎంజైము రెండు రకాలు. ఒకటి కణపొరలలో ఉంటుంది, దానికి రాగి కావాలి. రెండవది కణద్రవంలో ఉంటుంది, దానికి ఇనుము కావాలి. రాగి కొరవడినప్పుడు కొన్ని భక్షకాలు మొదటిదానిని విడిచి రెండవదానిని తయారు చేసుకుంటాయి. ఈ ఎంజైము ప్రాణవాయువులోని ఒక పరమాణువును మీథేన్‌కు తగిలించి మిథనాల్‌గా మారుస్తుంది. మిథనాల్ నుంచి ఫార్మాల్డిహైడ్, దాని నుంచి ఫార్మిక్ ఆమ్లం, చివరకు కార్బన్ డై ఆక్సైడ్ ఏర్పడుతాయి. ఈ మెట్లలో బ్యాక్టీరియాకు శక్తి లభిస్తుంది. ఫార్మాల్డిహైడ్ మెట్టు దగ్గర కొంత కర్బనం పక్కదారి పట్టి దాని శరీరంగా మారుతుంది.

కార్బన్ డై ఆక్సైడ్ కూడా వేడిని పట్టే వాయువే కదా, ఇందులో లాభమేమి అని విద్యార్థులు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఎక్కువ వేడిని పట్టే వాయువు తక్కువ వేడిని పట్టే వాయువుగా మారడం మొదటి లాభం. ఆ కర్బనంలో కొంత భాగం గాలిలోకి పోక జీవకణంగా మారి ఇతర జీవులకు ఆహారం కావడం రెండవ లాభం.

ఈ రెండవ విషయం జీవావరణ శాస్త్రంలో మిక్కిలి విలువైనది. సూర్యకాంతి, ఆకుపచ్చని మొక్క, దానిని తినే జంతువు అనే క్రమంలోనే ఆహారపు గొలుసు మొదలవుతుందని మనం నేర్చుకున్నాము. కానీ చెరువు అడుగున మరొక గొలుసు ఉన్నది. కుళ్ళిన పదార్థం నుంచి మీథేన్, మీథేన్ నుంచి భక్షక బాక్టీరియా, వాటిని తినే ఎర్రని కీటక డింభకాలు, ఆ డింభకాలను తినే చేపలు. కర్బన ఐసోటోపులను కొలిచి, కొన్ని సరస్సులలో ఈ డింభకాల శరీరంలో గణనీయమైన భాగం మీథేన్ కర్బనమేనని ఐరోపా శాస్త్రజ్ఞులు నిరూపించారు. వ్యర్థమై పోవలసిన వాయువు మరల జీవకోటిలోకి వచ్చినదన్నమాట.

కావలి ఉండే చోటు

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చెప్పదలచినది ఈ భాగంలో ఉన్నది. మీథేన్ భక్షకాలలో ఎక్కువ భాగానికి రెండు వస్తువులు ఒకేసారి కావాలి. ఒకటి మీథేన్, రెండవది ప్రాణవాయువు. మీథేన్ క్రింద నుంచి, గాలి లేని బురదలో నుంచి వస్తుంది. ప్రాణవాయువు పై నుంచి, నీటిలో నుంచి దిగుతుంది. ఈ రెండూ కలిసే చోటు చాలా సన్నని పొర. చెరువు బురదలో దాని మందం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. అంత ఇరుకైన చోటులో ఈ జీవులు కావలి కాస్తున్నవి. క్రింద నుంచి కరిగి మెల్లగా పైకి వచ్చే మీథేన్‌లో సగానికి మించిన భాగాన్ని చాలా సరస్సులలో అవి అక్కడనే పట్టి తినివేస్తాయి.

ఈ పొరను కంటితో చూడవచ్చును. ఒక పెద్ద గాజు పాత్రలో చెరువు బురదను పోసి, దాని మీద జానెడు నీరు నింపి, కదపకుండా రెండు మూడు వారాలు ఉంచితే బురద పైభాగాన గోధుమరంగు గల పలుచని పొర ఏర్పడుతుంది. దాని క్రింద అంతా నల్లగా ఉంటుంది. గోధుమరంగు ఇనుము తుప్పుపట్టిన రంగు, అంటే ప్రాణవాయువు ఉన్నదనడానికి గుర్తు. నలుపు ప్రాణవాయువు లేదనడానికి గుర్తు. ఆ రెండు రంగుల సరిహద్దు ప్రాంతమే మన కావలివారి కాణాచి. మన జీవశాస్త్ర విభాగంలో ఏ ఖర్చూ లేకుండా చేయదగిన ప్రయోగం ఇది. పాత్ర మూతిని బిగించకూడదు, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఈ రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి.

ఈ కావలిని మీథేన్ రెండు విధాలుగా తప్పించుకుంటుంది. మొదటిది, అడుగున అది మితిమీరి పుట్టినప్పుడు కరగక బుడగ కట్టి, క్షణంలో పొరను దాటి పైకి పోతుంది. బుడగను పట్టే శక్తి బాక్టీరియాకు లేదు. రెండవది, పై నీటిలో ప్రాణవాయువు అడుగంటినప్పుడు కావలివారే ఊపిరాడక నిద్రాణమవుతారు. దొంగలు పెరిగి, కావలివాడు సొమ్మసిల్లిన ఇంటి గతి ఏమో చెప్పనక్కరలేదు.

హుస్సేన్‌సాగర్, మురుగుకాలువలు

ఈ రెండు ప్రమాదాలూ మన కళాశాలకు కొద్ది దూరంలోనే ఉన్నవి. నాంపల్లికి ఉత్తరాన ఉన్న హుస్సేన్‌సాగర్‌ను 1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ ఆధ్వర్యంలో నిర్మించారు. ఒకప్పుడు ఇది నగరానికి తాగునీరు అందించినది. ఇరవయ్యవ శతాబ్దం ఉత్తరార్ధంలో కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలాల ద్వారా ఇళ్ళ మురుగు, కర్మాగారాల వ్యర్థాలు దీనిలో చేరినవి. మురుగుతో పాటు సేంద్రియ పదార్థం అడుగున పేరుకున్నది. అది మీథేన్ జనకాలకు విందు. ఆ మురుగును విడగొట్టే పనిలో ఇతర బాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడివేస్తాయి. అది మీథేన్ భక్షకాలకు పస్తు. ఒకే మురుగు ఒక చేతితో దొంగను పోషించి, మరొక చేతితో కావలివాని గొంతు నొక్కుతున్నది.

గత రెండు దశాబ్దాలలో నాలాల మురుగును దారి మళ్ళించడానికి, శుద్ధి చేయడానికి, పూడిక తీయడానికి ప్రయత్నాలు జరిగినవి. వీటిని దుర్వాసన పోగొట్టే పనులుగానే పత్రికలు వర్ణిస్తాయి. సూక్ష్మజీవశాస్త్ర దృష్టితో చూస్తే ఇవి కావలివానికి తిరిగి ఊపిరి పోసే పనులు. చెరువులోకి చేరే మురుగు తగ్గితే నీటిలో ప్రాణవాయువు పెరుగుతుంది. సన్నని గోధుమరంగు పొర తిరిగి ఏర్పడుతుంది. చెరువు తన పని తాను చేసుకుంటుంది.

ఇక అబిడ్స్ వీధుల క్రింద ఉన్న మురుగుకాలువల సంగతి. 1908 మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదుకు వరద నివారణ పథకంతో పాటు మురుగునీటి పారుదల పథకాన్ని కూడా రూపొందించారు. నగర ఆరోగ్యానికి అది మహోపకారం. అయితే మూసి ఉన్న కాలువలో మురుగు నిలిచినప్పుడు గాలి చొరదు. గాలి లేనిచోట సరిహద్దు పొర లేదు. పొర లేనిచోట కావలి లేదు. కనుకనే మ్యాన్‌హోళ్ళలో మీథేన్, దానితో పాటు కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటాయి. గాలిలో మీథేన్ నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వకే ప్రేలిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అధికంగా ఉంటే మొదట వాసన తెలిసే శక్తిని హరించి, ఆపై ప్రాణాన్ని హరిస్తుంది. మన నగరంలోను, దేశంలోని ఇతర నగరాలలోను ఈ గోతులలోకి దిగి తిరిగి రాని శ్రామికులు ఎందరో ఉన్నారు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగుకాలువలోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినది. ఆ చట్టం వెనుక ఉన్న శాస్త్రకారణం ప్రతి విద్యార్థికీ తెలియాలి. ప్రకృతి కావలి లేని చోటికి మనిషిని ఒంటరిగా పంపడం తగదు.

వరిపొలం

నగరం దాటి పొలానికి వస్తే ఈ కథ మరొక విధంగా నడుస్తుంది. తెలంగాణ నేడు దేశంలో అత్యధికంగా వరి పండించే రాష్ట్రాలలో ఒకటి. వరిమడిలో నీరు నిలిచినంతకాలం అడుగున మీథేన్ పుడుతూనే ఉంటుంది. వరిమొక్క కాండంలోను, వేళ్ళలోను సన్నని గాలి గొట్టాలు ఉన్నవి. ఆ గొట్టాల ద్వారా మొక్క తన వేళ్ళకు ప్రాణవాయువును పంపుకుంటుంది. అందులో కొంత వేళ్ళ చుట్టూ ఉన్న బురదలోకి జారుతుంది. ఆ వేళ్ళ చుట్టూ మీథేన్ భక్షకాలు కొలువుతీరుతాయి. కానీ అవే గొట్టాలు మీథేన్‌ను పైకి పంపే దారులు కూడా. పొలం నుంచి వెలువడే మీథేన్‌లో అధిక భాగం మొక్క గుండానే గాలిలోకి పోతుంది. వేళ్ళ దగ్గర భక్షకాలు ఎంత తింటాయన్నది నేలను బట్టి, వరి రకాన్ని బట్టి, పైరు వయస్సును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల అది అత్యల్పం, కొన్నిచోట్ల సగానికి మించుతుంది.

ఇక్కడ మన దేశ గౌరవానికి సంబంధించిన ఒక ఘట్టాన్ని విద్యార్థులు గుర్తుంచుకొనాలి. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ భారతదేశపు వరిపొలాలు ఏటా సుమారు 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్‌ను వెలువరిస్తున్నవని అంచనా వేసినది. ఇతర దేశాలలో చేసిన కొద్దిపాటి కొలతలను మన పొలాల విస్తీర్ణంతో హెచ్చించినందువల్ల వచ్చిన సంఖ్య అది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్రా, ఆయన సహచరులు 1991లో దేశంలోని వివిధ ప్రాంతాల వరిపొలాలలో స్వయంగా కొలతలు తీయించారు. తేలిన సంఖ్య ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అంటే మునుపటి అంచనాలో దాదాపు తొమ్మిదవ వంతు. మన పొలాలలో చాలా భాగం వర్షాధారమైనవి. అవి మధ్య మధ్య ఆరుతాయి. నేలలో సేంద్రియ పదార్థం కూడా తక్కువ. ఆరిన నేలలోకి గాలి చొరబడితే మీథేన్ జనకాలు మందగిస్తాయి, భక్షకాలు విజృంభిస్తాయి. నేర మోపినంత మాత్రాన అంగీకరించక, అలుగక, కొలిచి చూచి జవాబు చెప్పిన ఆ పద్ధతి శాస్త్రానికి శోభనిచ్చినది.

అయితే దీనితో మన బాధ్యత తీరినదని అనుకొనరాదు. నీటి వసతి పెరిగి నిత్యం నీరు నిలిచే పొలాలు పెరిగితే మీథేన్ కూడా పెరుగుతుంది. 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు పరిచయం చేసిన శ్రీ పద్ధతిలో పొలాన్ని ముంచక తడిగా మాత్రమే ఉంచుతారు. ఆరుతడి పద్ధతిలో మడిని కొద్దిరోజులు ఆరనిచ్చి మరల నీరు పెడతారు. ఈ పద్ధతుల వల్ల నీరు ఆదా అవుతుంది, మీథేన్ చాలావరకు తగ్గుతుంది. ఆరుతడి సరిగా పాటించిన చోట్ల మూడవ వంతు నుంచి సగం వరకు తగ్గినట్లు కొలతలు చెబుతున్నవి. నేల ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే మరొక వాయువు పెరిగే అవకాశం ఉన్నది గనుక నత్రజని ఎరువును మోతాదు మించకుండా వేయాలి.

నత్రజని ఎరువుకూ భక్షకాలకూ ఉన్న సంబంధం చిత్రమైనది. 1989లో అమెరికా మసాచుసెట్స్ అడవులలో నత్రజని ఎరువు చల్లితే నేల మీథేన్‌ను పీల్చుకొనే శక్తి తగ్గినట్లు తేలినది. మీథేన్‌ను పట్టే ఎంజైము అమ్మోనియాను కూడా పట్టుకొని మోసపోవడం దీనికి ఒక కారణం. కానీ 2000లో ప్రచురితమైన మరొక పరిశోధనలో వరివేళ్ళ దగ్గర అదే ఎరువు భక్షకాలను వృద్ధి చేసినట్లు కనిపించినది. ఒకే ఔషధం ఒకరికి పథ్యం, మరొకరికి అపథ్యం. ప్రకృతిని ఒకే సూత్రంతో కొలవరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

మెట్ట నేలలు, చెత్తదిబ్బలు, సముద్రగర్భం

నీరు నిలువని నేలల పాత్ర కూడా తక్కువది కాదు. గాలి ఆడే అడవి నేల, చెలక నేల పై గాలిలోని మీథేన్‌ను కూడా లోనికి పీల్చుకుంటాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పొడి ఉష్ణమండల అడవుల నేలలలో ఈ పీల్పును కొలిచి చూపారు. ప్రపంచంలో ఏటా గాలిలోకి చేరే మీథేన్ సుమారు 60 కోట్ల టన్నులు. దీనిలో అత్యధిక భాగాన్ని గాలిలోని హైడ్రాక్సిల్ కణాలు నాశనం చేస్తాయి. నేల బాక్టీరియా సుమారు 3 కోట్ల టన్నులను తింటాయి. అంటే నూటికి అయిదు పాళ్ళే గదా అని చిన్నచూపు చూడరాదు. గాలిలోకి చేరక మునుపే చెరువులలో, పొలాలలో, సముద్రంలో తినివేసినది ఈ లెక్కలో లేదు. కావలివాడు పట్టిన దొంగతనాలను కోర్టుకు వచ్చిన కేసులలో ఎవరు లెక్కిస్తారు?

నాంపల్లి బాగే ఆమ్‌లోని చెట్ల క్రింది నేలకు ఈ శక్తి ఉండే అవకాశం ఉన్నది. సిమెంటు కప్పిన అబిడ్స్ కాలిబాటకు అది లేదు. నగరంలో నేలను కప్పే ప్రతి అడుగు సిమెంటుతో వాననీటి దారి మూసుకుపోతున్నదని మనకు తెలుసు. ఆ అడుగు నేల శ్వాస కూడా మూసుకుపోతున్నది.

మన నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ దిబ్బ వంటి చోట్ల లోపల కుళ్ళే చెత్త ఎంతో మీథేన్‌ను పుట్టిస్తుంది. ఇటువంటి దిబ్బలపై గాలి ఆడే మట్టిని, ఎరువుగా మారిన చెత్తను పొరగా పరిస్తే అందులో భక్షకాలు వృద్ధి చెంది, పైకి వచ్చే మీథేన్‌లో కొంత భాగాన్ని తింటాయి. వీటిని జీవకవచాలు అనవచ్చును. పలు దేశాలలో వీటిని ప్రయోగించి చూచారు. తడి చెత్తను ఇంట్లోనే వేరుచేసి ఇవ్వడం అంతకంటే మంచిదని వేరుగా చెప్పనక్కరలేదు. దిబ్బకు చేరని తడి చెత్త నుంచి అక్కడ మీథేన్ పుట్టదు.

తెలుగునాట ఈ కథ సముద్రగర్భం వరకు సాగుతుంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం క్రింద జరిగిన త్రవ్వకాలలో కృష్ణా–గోదావరి తీరానికి దూరంగా, సముద్రపు అడుగున మీథేన్ హైడ్రేట్ నిక్షేపాలు దొరికినవి. ఇది మంచువంటి పదార్థం. దీని ఒక ఘనమీటరులో 160 ఘనమీటర్లకు పైగా మీథేన్ ఇమిడి ఉంటుంది. ఇటువంటి నిక్షేపాలను గుర్తించే కృషిలో మన నగరంలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు ముఖ్యస్థానం ఉన్నది. ఆ లోతులలో బురదలో ప్రాణవాయువు లేదు. మరి అక్కడ కావలి ఎవరు? అక్కడ మరొక రకం ఆర్కియా, సల్ఫేటును శ్వాసించే బాక్టీరియాతో జతకట్టి, ప్రాణవాయువు లేకుండానే మీథేన్‌ను తింటాయి. 2000లో శాస్త్రజ్ఞులు ఈ జంటను సూక్ష్మదర్శినిలో మొదటిసారిగా స్పష్టంగా చూచారు. సముద్రగర్భంలో పుట్టే మీథేన్‌లో అత్యధిక భాగం నీటిలోకి రాకముందే ఈ జంట చేతిలో అంతమవుతుంది. ఒకరు తినలేనిదానిని మరొకరి తోడుతో తినడం, ఒంటరిగా బ్రతుకలేనిచోట ఇద్దరూ కలిసి బ్రతుకడం, ఈ ఐకమత్యం ఎంత ప్రాచీనమైనదో ఊహించండి.

ముగింపు

2021లో పలు దేశాలు కలిసి 2030 నాటికి మానవ కార్యకలాపాల వల్ల వెలువడే మీథేన్‌ను 2020తో పోలిస్తే నూటికి 30 పాళ్ళు తగ్గించాలని ప్రతిజ్ఞ చేశాయి. మన దేశం ఆ ప్రతిజ్ఞలో చేరలేదు. వరి, పాడి మన కోట్లాది చిన్న రైతుల జీవనాధారాలు గనుక ఆ నిర్ణయం వెనుక ఆలోచన ఉన్నది. కానీ ప్రతిజ్ఞ ఉన్నా లేకున్నా, రైతుకు నష్టం కలుగకుండా, నీటిని ఆదా చేస్తూ, చెరువును శుభ్రం చేస్తూ మీథేన్‌ను తగ్గించే దారులు మన ముందు ఉన్నవి. ఆ దారులన్నిటిలోను ఒకే సూత్రం కనిపిస్తున్నది. గాలీ బురదా కలిసే చోటును బ్రతికించాలి. మురుగును చెరువులో కలపక, పొలాన్ని అకారణంగా ముంచక, నేలను నిష్కారణంగా సిమెంటుతో కప్పక ఉంటే, ఆ చోటులో నివసించే కావలివారు తమ పని తామే చేస్తారు. వారికి జీతం అక్కరలేదు. ఊపిరి మాత్రం కావాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికై 1917లో అనువాద శాఖ ఏర్పడినప్పుడు విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలోకి తేవడం సాధ్యమా అని సందేహించినవారు ఉన్నారు. అది సాధ్యమని ఆనాటి పండితులు చూపారు. ఆ తరువాత తెలుగులోను ఆ కృషి జరిగినది. మా విద్యార్థులు ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా వారికి కావలసిన చెరువు ఒకటే, పొలం ఒకటే. గాజుపాత్రలో గోధుమరంగు పొరను చూచిన విద్యార్థి ఏ భాషలో వ్రాసుకున్నా ఫలితం మారదు. రాబోయే విద్యాసంవత్సరంలో మన చుట్టుపక్కల చెరువుల బురదను పోల్చి పరిశీలించే చిన్న అధ్యయనాన్ని చేపట్టవలసినదిగా విద్యార్థులను, అందుకు అవసరమైన గాజుపాత్రలు, ఉష్ణమాపకాలు, నీటిలోని ప్రాణవాయువును కొలిచే రసాయనాలు సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము వినయపూర్వకంగా కోరుతున్నాము. వచ్చే ఏడాది ఇదే సంచికలో ఆ కొలతలు అచ్చు కావాలని మా ఆకాంక్ష.